22ఏలో (రిజిస్ట్రేషన్ చట్టం కింద నిషేధిత ఆస్తుల జాబితాలో) ఉందని నోటిమాటగా తిప్పి పంపారు. హైకోర్టు ఫుల్ బెంచ్ తీర్పు మాకు పనికొస్తుందా?

పల్నాటి_మెట్ట
పల్నాడులో ఎకరం 30 సెంట్ల మెట్ట, నాన్న పేరున ఉంది. లింకు డాక్యుమెంట్లు 1961 నుంచి వరసగా ఉన్నాయి. ఈసీలో (భూమి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) పాత అమ్మకాలన్నీ కనిపిస్తున్నాయి, మధ్యలో ఒక బ్యాంకు మార్టిగేజీ పెట్టి తీర్చిన ఎంట్రీ కూడా ఉంది. ఇప్పుడు అమ్మకానికి దస్తావేజు రాయించి, చలానా కట్టి, స్లాట్ తీసుకుని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళితే సర్వే నంబరు కొట్టి చూసి "22ఏలో ఉంది, తహసీల్దారు దగ్గర తేల్చుకోండి" అన్నారు. అదే కాగితం మీద రాసివ్వమంటే "అలా ఇవ్వం" అన్నారు. తహసీల్దారు ఆఫీసులో అడిగితే "మేం పెట్టలేదు, పైనుంచి వచ్చిన జాబితా" అంటున్నారు. కొనేవాళ్లు సగం డబ్బు ఇచ్చేశారు, నాన్నకి నిద్ర లేదు. 22ఏ మీద హైకోర్టు ఫుల్ బెంచ్ తీర్పు ఒకటుందని విన్నాం. అది మాకు వర్తిస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లకోటు_గుంటూరు
వర్తిస్తుంది. మీరు విన్నది వింజమూరి రాజగోపాలాచారి కేసు, ఉమ్మడి హైకోర్టు 2015 డిసెంబరు 23న ఇచ్చింది, తీర్పుల సంపుటిలో 2016 (2) ఏఎల్డీ 236. 2019 జనవరి 1న రెండు హైకోర్టులు వేరుపడ్డాక కూడా అమరావతిలోనూ హైదరాబాదులోనూ 22ఏ కేసు ఏది తీసినా దీని మీదే నడుస్తుంది.

ముందు ఒక్క సంగతి చెప్పండి. మీ సర్వే నంబరు 22ఏ(1)లో ఏ క్లాజు కింద ఉంది? "22ఏలో ఉంది" అంటే ఏమీ చెప్పనట్టే. ఎ అంటే ఏదో ఒక చట్టం బదిలీని నిషేధించిన భూమి, అసైన్డ్ భూములు (సర్కారు పేదలకి ఇచ్చినవి) ఇందులోకే వస్తాయి. బి ప్రభుత్వ భూమి. సి దేవాదాయ, వక్ఫ్. డి భూ పరిమితి (సీలింగు) చట్టాల కింద మిగులుగా తేలిన భూమి. ఇ అంటే ప్రభుత్వానికో స్థానిక సంస్థకో ఆసక్తి ఉందని గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చి ఆపినవి, కోర్టు జప్తులు వగైరా. ఒక్కో క్లాజుకి తలుపు వేరు. ఎ నుంచి డి వరకు గెజిట్ అక్కర్లేదు, అధికారం ఉన్న అధికారి జాబితా పంపితే చాలు. ఇ కి మాత్రం గెజిట్ లేకపోతే ఆపే వీల్లేదు.

జాబితా పంపేవాళ్ల మీద కూడా ఫుల్ బెంచ్ బాధ్యత పెట్టింది. ప్రతి ఆస్తి ఎదురుగా క్లాజు రాయాలి. ఎ అయితే ఏ చట్టం కింద నిషేధమో కలెక్టరు చెప్పాలి. బి అయితే కేంద్రానిదా రాష్ట్రానిదా చెప్పాలి. సి, డి అయితే రిజిస్టరు నకలో, గెజిటో, సీలింగు ఉత్తర్వో జతచేయాలి. చాలా జాబితాలు ఈ పరీక్షకి నిలబడవు.

మాజీ_రిజిస్ట్రార్
నోటిమాటగా తిప్పి పంపడమన్నది రిజిస్ట్రేషన్ చట్టంలో లేనే లేదు. సెక్షన్ 71 చదవండి. తిరస్కరిస్తే కారణాలు 2వ నంబరు పుస్తకంలో రాయాలి, దస్తావేజు మీద తిరస్కరించినట్టు ఎండార్స్‌మెంట్ వేయాలి. దస్తావేజు రాసిచ్చినవారు గానీ, దాని కింద హక్కు పొందేవారు గానీ అడిగితే ఆ కారణాల నకలు ఫీజు లేకుండా, జాప్యం లేకుండా ఇవ్వాలి.

చిక్కు ఎక్కడంటే, చెక్ స్లిప్ దశలోనే (దస్తావేజు వివరాలు కంప్యూటర్లో ఎక్కించి సరిచూసేటప్పుడే) సాఫ్ట్‌వేర్ సర్వే నంబరుని లాక్ చేస్తుంది. దస్తావేజు "సమర్పించినట్టు" ఎక్కడా నమోదు కాదు. సమర్పించనిదాన్ని తిరస్కరించడం ఏమిటని రేపు కోర్టులో వేసే కౌంటర్ అఫిడవిట్‌లో రాస్తారు. అందుకని రికార్డు మీరే పుట్టించాలి. దస్తావేజు నకలు, చలానా నకలు జతచేసి సబ్ రిజిస్ట్రారు పేరున ఉత్తరం రాయండి. అందులో దస్తావేజు తేదీ, సర్వే నంబరు, విస్తీర్ణం, చలానా నంబరు, మీరు వెళ్లిన తేదీ ఉండాలి. చివర "తీసుకుని రిజిస్టరు చేయండి, లేదా సెక్షన్ 71 కింద కారణాలతో ఉత్తర్వు ఇవ్వండి" అని ఒక్క వాక్యం చాలు. తపాల్ సెక్షన్లో ఇచ్చి మీ నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే అదే రోజు స్పీడు పోస్టు, అక్నాలెడ్జ్‌మెంటుతో.

విడిగా ఇంకో దరఖాస్తు పెట్టండి. ఏ జాబితా చూసి ఆపారో దాని నకలు కావాలని. దరఖాస్తు అందిన 10 రోజుల్లో ఇవ్వాలని ఫుల్ బెంచే చెప్పింది. సమాచార హక్కు కింద 30 రోజులు కూర్చోనక్కర్లేదు.

దస్తావేజు_రాఘవ
రిజిస్ట్రేషన్ శాఖ వారి ఐజీఆర్ఎస్ సైట్లో నిషేధిత ఆస్తుల పేజీ ఉంది. జిల్లా, మండలం, ఊరు, సర్వే నంబరు కొడితే క్లాజు కూడా వస్తుంది. తేదీ కనిపించేలా ప్రింటు తీసి పెట్టుకోండి, రేపు మారిపోవచ్చు.

సిక్కోలు_సిటిజన్
ఇంత తంటా ఎందుకండీ. సబ్ రిజిస్ట్రారు హక్కులు విచారించడానికి వీల్లేదని 2025 ఏప్రిల్లో సుప్రీంకోర్టే చెప్పిందిగా, కె. గోపీ కేసు. ఆ తీర్పు ప్రింటు తీసుకెళ్లి చూపిస్తే సరి.

నల్లకోటు_గుంటూరు
సరిపోదండీ. కె. గోపీలో కొట్టేసింది తమిళనాడు రిజిస్ట్రేషన్ రూల్స్‌లో 55ఏ(i) రూలుని. పాత హక్కు పత్రం, ఈసీ చూపించకపోతే రిజిస్టరు చేయొద్దని ఆ రూలు. రూలు చేసే అధికారం సెక్షన్ 69 వరకే, మాతృ చట్టాన్ని దాటి రూలు వెళ్లిందని కొట్టేశారు. మన 22ఏ రూలు కాదు, 2007లో శాసనసభ చేసిన 19వ నంబరు సవరణ చట్టంతో వచ్చిన సెక్షన్. 22ఏ ప్రకారం జాబితాలో ఉన్న ఆస్తిని సబ్ రిజిస్ట్రారు తిరస్కరించి తీరాలి. ఆ తీర్పు తీసుకెళితే జీపీ (ప్రభుత్వ వకీలు) ఒక్క నిమిషంలో పక్కన పెట్టించేస్తాడు.

సిక్కోలు_సిటిజన్
రాజస్థాన్ 22ఏని సుప్రీంకోర్టు కొట్టేసింది కదా మరి? అది సెక్షనే కదా.

నల్లకోటు_గుంటూరు
బసంత్ నాహటా, 2005. అక్కడి సెక్షన్ "ప్రజా విధానానికి విరుద్ధమైన" దస్తావేజులు ఏవో ప్రభుత్వమే నోటిఫికేషన్‌తో తేల్చుకోవచ్చంది. హద్దు లేని అధికారమని పోయింది. ఆ తర్వాతే మన దగ్గర ఎ, బి, సి, డి, ఇ అని విడగొట్టి 2007 సవరణ తెచ్చారు. ఫుల్ బెంచ్ దీన్ని నిలబెట్టి, వాడే పద్ధతికి కళ్లెం వేసింది. మనం పట్టుకోవాల్సింది ఆ కళ్లేన్నే.

పల్నాటి_మెట్ట
సైట్లో చూశాను. 22ఏ(1)(ఎ), వివరం దగ్గర "అసైన్డ్" అని ఉంది. 1961 దస్తావేజులో మాత్రం "సర్కారు వారివల్ల 1949లో డి పట్టా పొంది అనుభవిస్తూ" అని అమ్మినాయన రాశాడు. ఆ డి పట్టా (సర్కారు భూమి ఇస్తూ రాసిచ్చిన పట్టా) కాగితం మా దగ్గర లేదు.

నల్లకోటు_గుంటూరు
మీ కేసు మొత్తం ఆ 1949 అన్న ముక్కలో ఉంది. 1977 నాటి 9వ నంబరు చట్టం "అసైన్డ్ భూమి" అనేది అమ్మకూడదనే షరతుతో ఇచ్చిన భూమినే. ఆంధ్ర ప్రాంతంలో ఆ షరతు మామూలుగా పెట్టడం మొదలైంది 1954 జూన్ 18 నాటి జీవో 1142తో. అంతకు ముందు ఇచ్చిన పట్టాకి ఆ చట్టం వర్తించదని, వర్తిస్తుందంటే షరతు ఉన్న పట్టాని ప్రభుత్వమే చూపించాలని హైకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఉత్త "అసైన్డ్" అన్న ముద్ర చాలదు.

ఒరుగల్లు_వకీలు
తెలంగాణల గీ తారీకు వేరే ఉంటది, చదివేటోళ్లు కలిపెయ్యకుండ్రి. మా దిక్కు 1958 జులై 25 నాటి జీవో 1406. దానికి ముందటి లావోణి పట్టాలల్ల (సర్కారు ఇచ్చిన పట్టాలు) అమ్మొద్దన్న షరతు ఉందా లేదా అని పట్టా చూసి చెప్పాలె. రికార్డులు గూడ వేరే. సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, చెస్సాల పహాణీ, ఫైసల్ పట్టీ పెట్టాలె. ఖాస్రాల పట్టాదారు కాలంల పేరు ఉంటే కేసు సగం గెలిచినట్టే.

బీఎస్ఓ_15
నల్లకోటు గారి మాటకి ఒక హెచ్చరిక కలుపుతాను. 1954కి ముందు షరతే లేదనుకోవద్దు. అప్పట్లోనూ కొన్ని వర్గాలకి ఇచ్చిన కండిషనల్ పట్టాల్లో కలెక్టరు అనుమతి లేకుండా అమ్మకూడదని ఉండేది. అందుకని పట్టా ఎవరికి, ఏ రకంగా ఇచ్చారో తెలియకుండా 1949 అన్న ఒక్క అంకె పట్టుకుని కోర్టుకి వెళ్లొద్దు. 1961 దస్తావేజులో రాసుకున్నది అమ్మినాయన మాట. దానికి సర్కారు రికార్డు తోడు కావాలి.

కావాల్సినవి: ఆర్ఎస్ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) నకలు, అందులో పట్టాదారు కాలం, రిమార్కుల కాలం రెండూ కనపడేలా. 10(1) ఖాతా (పట్టాదారు వారీ లెక్క). పాత అడంగళ్లు (సాగు, అనుభవం లెక్కలు) దొరికినంత వెనక్కి. తహసీల్దారు ఆఫీసులో డి పట్టాల రిజిస్టరు, అసైన్‌మెంట్ రిజిస్టరు నకలు. అవి దొరకవంటే "రికార్డు అందుబాటులో లేదు" అని రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఆ కాగితం పట్టా కన్నా తక్కువ విలువది కాదు. షరతు చూపించాల్సిన ప్రభుత్వమే తన దగ్గర రికార్డు లేదని ఒప్పుకున్నట్టు అవుతుంది.

నల్లకోటు_గుంటూరు
అది నిజం. కండిషనల్ పట్టాల ముక్క నేను రాసి ఉండాల్సిన చోట మీరు సరిగ్గా పెట్టారు. ఒకవేళ షరతు పట్టానే అని తేలినా దారి ఉంది. 9/77 చట్టం సెక్షన్ 3(5) ప్రకారం, చట్టం అమల్లోకి వచ్చిన 1977 జనవరి 21కి ముందు భూమి లేని పేదవాడు మంచి నమ్మకంతో, ప్రతిఫలం ఇచ్చి కొని అనుభవంలో ఉంటే ఆ కొనుగోలుకి నిషేధం తగలదు. 1961లో కొన్నవారి పరిస్థితి ఏమిటో అప్పుడు చూడాల్సి వస్తుంది.

చుక్కల_భూమి
ఆర్ఎస్ఆర్‌లో పట్టాదారు పేరు చోట చుక్కలుంటే?

బీఎస్ఓ_15
అది వేరే దారి. ఆంధ్రప్రదేశ్‌లో చుక్కల భూములకి 2017లో ప్రత్యేక చట్టమే వచ్చింది. 12 ఏళ్లకు పైబడి అనుభవం కాగితాల్లో చూపిస్తే జిల్లా స్థాయి కమిటీ ద్వారా ఆర్ఎస్ఆర్ సరిచేసుకోవాలి. అడంగళ్లు, శిస్తు రసీదులు, రిజిస్టర్డు దస్తావేజులు అక్కడ పనికొస్తాయి.

సైనికుడి_కొడుకు
మాజీ సైనికులకి ఇచ్చిన భూమి కూడా అసైన్డ్ అనే లాక్ చేస్తున్నారు. దీనికేం చెప్తారు?

నల్లకోటు_గుంటూరు
1993 నవంబరు 11 నాటి జీవో 1117 ప్రకారం మాజీ సైనికుడికి ఇచ్చిన భూమి పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చు. సైనిక కోటాలో ఇచ్చినట్టు అసైన్‌మెంట్ ఉత్తర్వులో ఉండాలి, డిశ్చార్జి పుస్తకం జతచేయాలి. మామూలు భూమి లేని పేద కోటాలో ఇచ్చి, ఆ మనిషి తర్వాత సైన్యంలో చేరితే ఈ జీవో పనికిరాదు. కేసులు పోయేది ఇక్కడే.

పల్నాటి_మెట్ట
20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకి ఫ్రీహోల్డ్ (అమ్ముకునే పూర్తి హక్కు) ఇచ్చారు కదా, అందులో పెట్టుకోమని ఊళ్లో ఒకాయన సలహా ఇచ్చారు.

బీఎస్ఓ_15
వద్దు. 9/77 చట్టానికి 2023లో చేసిన సవరణ అసలు అసైనీకి (సర్కారు నుంచి భూమి పొందినవారికి), ఆయన వారసులకి. మీరు కొనుగోలుదారు వరసలో ఉన్నారు. పైగా 2024లో ప్రభుత్వం మారాక ఫ్రీహోల్డ్ చేసిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ దరఖాస్తు పెడితే మీ భూమి అసైన్డేనని మీ సంతకంతో మీరే ఒప్పుకున్నట్టు. 1949 వాదన అక్కడితో పోతుంది.

దస్తావేజు_రాఘవ
ఈ మాట పెద్ద అక్షరాలతో రాయాలి. ఏ దరఖాస్తులోనూ "మా అసైన్డ్ భూమి" అని రాయకండి. "22ఏ జాబితాలో అసైన్డ్ అని పొరపాటుగా చూపిన మా పట్టా భూమి" అని రాయండి.

టిపన్_నక్ష
సర్వే వైపు నుంచి ఒకటి. సర్వే నంబరు మొత్తం మీదా, కొంత భాగమేనా? ఉదాహరణకి ఒక నంబరులో 6 ఎకరాలుంటే అందులో 80 సెంట్లు వాగు పోరంబోకు ఉంటుంది, జాబితాలో మాత్రం విస్తీర్ణం రాయకుండా నంబరు మొత్తం పడేస్తారు. అలాంటప్పుడు పట్టా గురించి ఎంత వాదించినా లాభం లేదు. ఎఫ్ఎంబీ (పొలం కొలతల నక్ష) నకలు తీసి, మండల సర్వేయరుతో సబ్ డివిజన్ చేయించి, పోరంబోకు ముక్కకి వేరే నంబరు పడ్డాక మిగతాది తీయించమని అడగాలి. రీసర్వే అయిన ఊళ్లలో ఎల్పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరుకీ పాత సర్వే నంబరుకీ పొంతన చూసుకోండి. పాత నంబరు మీద ఉన్న లాక్ కొత్త ఎల్పీఎంలన్నిటికీ పాకిన సందర్భాలు ఉంటాయి. తెలంగాణలో ఎఫ్ఎంబీ చోట టిపన్ అడగండి.

పల్నాటి_మెట్ట
మాది సబ్ డివిజన్ నంబరే, మొత్తం మాదే. ఇప్పుడు కలెక్టరుకా, హైకోర్టుకా?

నల్లకోటు_గుంటూరు
ఎ క్లాజు కాబట్టి ముందు కలెక్టరుకి, జాబితా నుంచి తొలగించమని. ఆరు వారాల్లో ఉత్తర్వు ఇచ్చి నకలు ఇవ్వాలని ఫుల్ బెంచ్ గడువు పెట్టింది. దరఖాస్తు అందిన ముద్ర ఉంటే ఏడో వారంలో హైకోర్టులో రిట్ పిటిషన్ వేయొచ్చు. దరఖాస్తే పెట్టకుండా వెళితే "ముందు అధికారిని అడగండి" అని తిప్పి పంపే అవకాశం ఎక్కువ.

కోర్టుహాల్_17
రిట్‌లో ఏం అడుగుతారన్నది ముఖ్యం. దస్తావేజు తీసుకుని ప్రాసెస్ చేయమని మాత్రమే అడగండి. చిన్న ప్రార్థన అయితే జీపీ వాదన విని అడ్మిషన్ దశలోనే తేల్చేస్తారు. "జాబితాతో సంబంధం లేకుండా, మిగతా విషయాల్లో సవ్యంగా ఉంటే రిజిస్టరు చేయండి" అని వస్తుంది. తొలగింపు కూడా అడిగారో, రెవెన్యూ కౌంటరు కోసం నెలల తరబడి సాగుతుంది.

ఒరుగల్లు_వకీలు
నేను ఒప్పుకోను. అట్ల తెచ్చుకున్న ఆర్డరు ఒక్క దస్తావేజుకే. జాబితాల నంబరు అట్లనే ఉంటది. రేపు కొన్నాయన బ్యాంకు లోనుకి పోతే లీగల్ ఒపీనియన్ ఇచ్చే వకీలు సైట్ల 22ఏ చూసి ఆపుతడు. ఆయన మళ్ల అమ్మాలంటే మళ్ల రిట్టు. గిదేం న్యాయం? కొన్నోళ్లని ఆ కష్టంల తోసి మనం పైసలు తీసుకునుడు కరెక్టు కాదు. తొలగింపు అడగాలె, దానితోని మధ్యంతర ఉత్తర్వుగ దస్తావేజు తీసుకొమ్మని అడగాలె.

కోర్టుహాల్_17
కొనేవాళ్లు సగం డబ్బు ఇచ్చి కూర్చున్నారు. వాళ్లకి కావాల్సింది ముందు రిజిస్ట్రేషన్. తొలగింపు దరఖాస్తు కలెక్టరు దగ్గర విడిగా నడుస్తూనే ఉంటుంది కదా.

ఒరుగల్లు_వకీలు
నడుస్తది, కానీ రిజిస్ట్రేషన్ అయినంక ఎవ్వరు ఎంబడి పడరు. అదే అసలు బాధ.

నల్లకోటు_గుంటూరు
కాగితాలు బలంగా ఉంటే రెండూ అడగడమే నాకు నచ్చుతుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. రిజిస్టరు అయినంత మాత్రాన హక్కు రాదని, నిజంగా నిషేధిత భూమే అయితే ప్రభుత్వం తగిన కోర్టుకి వెళ్లొచ్చని అదే ఫుల్ బెంచ్ చెప్పింది. కొనేవారికి ఈ మాట ముందే చెప్పి, దస్తావేజులో నష్టపరిహార షరతు రాయించండి.

పార్టీలుగా రెవెన్యూ ముఖ్య కార్యదర్శి, కలెక్టరు, ఆర్డీఓ, తహసీల్దారు, జిల్లా రిజిస్ట్రారు, సబ్ రిజిస్ట్రారు ఉండాలి. సి క్లాజు అయితే దేవాదాయ కమిషనరో వక్ఫ్ బోర్డో లేకుండా వేస్తే నిలవదు. పిటిషనరుగా మీ నాన్నగారు ఉండాలి, కొనేవారిని రెండో పిటిషనరుగా చేర్చండి.

మాజీ_రిజిస్ట్రార్
సెక్షన్ 72 అప్పీలు ఎవరూ చెప్పలేదేం? తిరస్కరణ ఉత్తర్వు వచ్చిన 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకి.

కోర్టుహాల్_17
జిల్లా రిజిస్ట్రారు జాబితాలోంచి తీయలేడు కదా, ఏం లాభం?

మాజీ_రిజిస్ట్రార్
నంబరు సరైన జాబితాలో ఉంటే లాభం లేదు, ఒప్పుకుంటాను. కానీ చాలాచోట్ల జాబితాలో ఉండదు, తహసీల్దారు రాసిన ఒక ఉత్తరం చూసి ఆపుతారు. అధికారం లేని అధికారి నేరుగా పంపిన సమాచారం మీద తిరస్కరించకూడదని ఫుల్ బెంచ్ స్పష్టంగా చెప్పింది. అలాంటి కేసులో అప్పీలు పని చేస్తుంది, వకీలు ఖర్చూ తక్కువ. జాబితా నకలు ముందు తెచ్చుకోమన్నది ఇందుకే.

డల్లాస్_తెలుగు
పక్క రైతు అభ్యంతరం పిటిషన్ ఇచ్చాడని ఆపితే అది కూడా 22ఏనా?

మాజీ_రిజిస్ట్రార్
కాదు. కోర్టు ఉత్తర్వు లేని ఉత్త అభ్యంతరం 22ఏ కిందికి రాదు. మీరు అమెరికాలో ఉంటే ఇంకొకటి చూసుకోండి. అక్కడ కాన్సులేటులో అటెస్టు చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ ఇండియాకి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. దస్తావేజే అక్కడ సంతకం చేసి పంపితే నాలుగు నెలల గడువు అది ఇక్కడికి చేరిన రోజు నుంచి లెక్క.

దస్తావేజు_రాఘవ
నాలుగు నెలల మాట వచ్చింది కాబట్టి, పల్నాటి గారూ, మీ దస్తావేజు మీద సంతకాలు ఏ తేదీన అయ్యాయి?

పల్నాటి_మెట్ట
రెండున్నర నెలలైంది. ఎందుకు?

దస్తావేజు_రాఘవ
సెక్షన్ 23 ప్రకారం సంతకం తేదీ నుంచి నాలుగు నెలల్లో సమర్పించాలి. మీరు వెళ్లినట్టు ఆఫీసు లెక్కలో లేదు, కాబట్టి గడువు నడుస్తూనే ఉంది. కలెక్టరు ఆరు వారాలు తీసుకుంటే అక్కడికే అయిపోతుంది. గడువు దాటితే సెక్షన్ 25 కింద జిల్లా రిజిస్ట్రారు అనుమతితో ఇంకో నాలుగు నెలలు, రిజిస్ట్రేషన్ ఫీజుకి పదింతల వరకు జరిమానాతో. అదీ దాటితే ఆ దస్తావేజు పనికిరాదు, కొత్తగా రాయించాల్సిందే.

నల్లకోటు_గుంటూరు
అందుకే వరస మార్చండి. సబ్ రిజిస్ట్రారుకి ఉత్తరం, జాబితా నకలుకి దరఖాస్తు, కలెక్టరుకి తొలగింపు దరఖాస్తు, మూడూ ఒకే రోజు ఇవ్వండి. నాలుగు నెలలు పూర్తవడానికి రెండు వారాల ముందు కలెక్టరు ఉత్తర్వు రాకపోయినా రిట్ వేయండి. గడువు అయిపోతోందన్నదే అర్జెన్సీకి కారణంగా అఫిడవిట్‌లో రాయండి. దస్తావేజుని తీసుకుని పెండింగు నంబరు ఇవ్వాలని మధ్యంతర ప్రార్థన పెట్టండి. పెండింగు నంబరు పడితే సమర్పించినట్టే, తర్వాత తేలడానికి ఎంత కాలమైనా సెక్షన్ 23 అడ్డురాదు.

ఒరుగల్లు_వకీలు
ఆర్డరు వచ్చినంక సర్టిఫైడ్ కాపీతో మళ్ల తపాల్‌ల ఇచ్చి ముద్ర ఏపించుకోండ్రి. అమలు చెయ్యకపోతే కంటెంప్టుకి (కోర్టు ధిక్కార కేసుకి) ఏడాదే గడువు. రిట్ అప్పీలు ఏసిండ్రా లేదా అని కేస్ స్టేటస్‌ల చూస్తుండాలె.

పల్నాటి_మెట్ట
మూడు ఉత్తరాలూ రాయిస్తున్నాను. ఆర్ఎస్ఆర్ నకలుకి ఇవాళే మీసేవలో పెట్టాం. డి పట్టాల రిజిస్టరు కోసం తహసీల్దారుకి విడిగా రాయాలా, కలెక్టరు దరఖాస్తులోనే అడిగితే చాలా?

బీఎస్ఓ_15
విడిగా రాయండి. కలెక్టరు దరఖాస్తు ఎటూ రిపోర్టు కోసం తహసీల్దారు దగ్గరికే వస్తుంది. రిజిస్టరులో ఏముందో ఆయన రిపోర్టు రాయకముందే మీ చేతిలో నకలు ఉండాలి.